నీళ్లు చూసి తీసుకున్న ఇల్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా అత్త అంటుంది, మా ఆయన అంటాడు, ఈమధ్య ఆరేళ్ల నా కూతురు కూడా నేర్చుకుంది. కాబట్టి అనంతపురంలో మేం బాడుగ ఇల్లు వెతుక్కున్న సంగతి చెప్పేటప్పుడు నేను అక్కడక్కడా విసుక్కుంటే ఏమీ అనుకోవద్దు. ఇల్లు వెతకడం ఎవరికైనా విసుగే. నాకైతే ఆ ఇంటికి నా చదువు కూడా ముడిపడి ఉండింది.

మాది బెళుగుప్ప పక్కన పల్లె. మా ఆయనకు బెళుగుప్పలో బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. నేను పెళ్లికి ముందు ఎమ్మెస్సీ చేశాను. పెళ్లయ్యాక చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పుకుంటూ పదేళ్లు గడిపేశాను. ముప్పై అయిదో ఏట, ఎవరికీ పెద్దగా చెప్పకుండా పోయి పరీక్ష రాస్తే యూనివర్సిటీలో పరిశోధనకు సీటు వచ్చింది. రోజూ పొద్దున పదింటికల్లా ల్యాబులో ఉండాలి. పల్లె నుంచి బస్సుల్లో వచ్చిపోతే కుదిరే పని కాదు. మా ఆయన షాపు మూసి వచ్చాడంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పాపను చూసుకోవడానికి మిగిలింది మా అత్త ఒక్కతే. ఆమె నాతో పట్నంలో ఉంటే సీటు ఉన్నట్టు, ఉండనంటే లేనట్టు. విషయం అంతే.

అత్తను అడిగితే సరేననలేదు, కాదనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆడ నీళ్లు ఎట్లుండాయి?" అంది.

మా వైపు ఇది మామూలు ప్రశ్న. పిల్లనిచ్చేటప్పుడు పిల్లవాడి కన్నా ముందు ఊరి నీళ్ల గురించి అడుగుతారు. మా అత్త కాపురానికి వచ్చిన కొత్తలో రెండు మైళ్లు నడిచి బావి నుంచి మోసుకొచ్చేదట. ఆమె మెడ ఈనాటికీ ఎడమ వైపుకు సరిగ్గా తిరగదు. అందుకని ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. మా ఆయన అసలే తేలిగ్గా తీసుకోలేదు, ఆయనకు అన్నమూ నీళ్లూ రెండూ బోర్లే కదా.

షాపుకు తాళం వేసి ఆయన, నేను, అత్త, పాప కలిసి ఇళ్ల వేటకు బయల్దేరాం. మూడుసార్లు పోయాం. కాళ్లరిగేలా తిరిగాం.

యూనివర్సిటీకి దగ్గరున్న ఇళ్లలో చాలామంది ఫ్యామిలీకి ఇవ్వమన్నారు. "పిలకాయలకైతే తలకింతని వస్తాదక్కా, మీకిస్తే ఏం గిట్టుబాటు?" అని ఒకాయన మొహం మీదే చెప్పాడు. పట్నం లోపలికి పోతే ఇంకో రకం. గేటు సగం తెరిచి మొదటి మాటే "మీరేమిటోళ్లమ్మా?" అని కులం అడిగేవారు. అది దాటితే రెండో మాట, "మీ ఆయన ఈడుండడా? మగతోడు లేకుండా ఎట్లమ్మా?" నాకు ఒళ్లు మండిపోయింది. "మా అత్త ఉంటాది. ఆమె ముందర ఏ మగతోడూ నిలబడదు" అన్నాను. గేటు మిగిలిన సగం కూడా మూసుకుంది. మా అత్త మాత్రం ఆ మాటకు రోజంతా లోలోపల నవ్వుకుంది.

ఇల్లు చూపించినచోట కూడా మేం చూసింది ఇల్లు కాదు. మా ఆయనకు గదులు కనబడవు. గేటు తీయగానే బోరు ఎక్కడుందో వెతుక్కుంటూ ఇంటి వెనక్కి పోతాడు. "ఎన్నడుగులు ఏసినారన్నా? ఎండాకాలం ఎంత పోస్తాది? మోటారు ఎప్పుడు బయటికి తీసినారు?" తన బోరు గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మనిషిని ఏ ఇంటాయనా చూసుండడు కదా, ఇద్దరూ సంపు మూత ఎత్తిపెట్టి అరగంట మాట్లాడుకునేవారు. ఒకచోట ఈయన వాళ్ల స్టార్టరు బాగుచేసి కాఫీ తాగి వచ్చాడు. ఆ ఇంట్లో వంటగదికి కిటికీ లేదని నేను చెబితే, "అట్లనా?" అన్నాడు.

అత్త పద్ధతి వేరే. ఆమె సంచిలో ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు పెట్టుకుని వచ్చింది. నచ్చిన ఇంట్లో కొళాయి తిప్పి బాటిల్ నింపుకుని, మూతికి రంగు దారం కట్టేది. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. ఆ నీళ్లు మా పల్లెకు తీసుకుపోయి, అందులో కంది బ్యాళ్లు ఉడకబెట్టి చూడాలి. ఉప్పు నీళ్లయితే పప్పు ఎంతసేపు పొయ్యి మీదున్నా పలుకుగానే ఉంటుంది. మంచినీళ్లయితే మెదుగుతుంది. కుక్కరులో వేస్తే ఏ నీళ్లలోనైనా ఉడికి మోసం చేస్తుందని, గిన్నెలోనే పెట్టాలని ఆమె నియమం. సాయంత్రం బస్సులో కండక్టరు సంచి చూసి, "ఏమవ్వా, పట్నం నుంచి బెళుగుప్పకు నీళ్లు తీసకపోతాండావు. మా బతుకు అంతకొచ్చిందా?" అన్నాడు. "నీకెందుకప్పా, టికెట్టు కొట్టు" అంది మా అత్త.

బుక్కరాయసముద్రంలో ఒక ఇల్లు చూశాం. చెరువు దగ్గరే, నీళ్లు బాగున్నాయి. కానీ యూనివర్సిటీకి పోవాలంటే పట్నం ఈ చివర నుంచి ఆ చివరకు ఆటోలు మారుతూ పోవాలి. అది వదిలేశాం. చివరికి మధ్యవర్తి ఒకతను కొత్త లేఔట్‌లో మిద్దె ఇల్లు చూపించాడు. "మంచి ఫ్యామిలీ ఏరియా మేడమ్" అన్నాడు. అంటే ఏమిటని అడిగాను. "గలాటా ఉండదు. ఎవరి జోలికి ఎవరూ రారు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. చదువుకోవాలనుకునే మనిషికి అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ ఇంటి బాటిలుకు పచ్చ దారం. మరునాడు మా పొయ్యి మీద నాలుగు గిన్నెలు పెట్టి అత్త పొద్దెక్కేదాకా కదల్లేదు. మూడింట్లో పప్పు మొండికేసింది. పచ్చ దారం గిన్నెలో గరిటె వెనక్కి తిప్పి అదిమితే వెన్నలా అణిగిపోయింది. "ఈ ఇల్లు" అంది అత్త. మా ఆయన కూడా ఆ బోరుకు మార్కులేశాడు. అడ్వాన్సు ఇచ్చేశాం.

ఆ వీధిలో ఎవరుంటారని మా ముగ్గురిలో ఒక్కరం కూడా అడగలేదు. ఎదురింట్లో పిల్లలున్నారా, సాయంత్రం ఆడవాళ్లు బయట కూర్చుంటారా, ఇవేవీ తోచలేదు. మాకు తెలిసిన ఊళ్లలో మనుషులు ఎక్కడైనా ఉంటారు, నీళ్లే ఉండవు. కాబట్టి నీళ్ల గురించే అడిగాం. వేరే నేల మీద పుట్టినవాళ్లు ఈ తప్పు చేయరనుకుంటా.

మొదటి వారం అత్త పండగ చేసుకుంది. కొళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు. దుప్పట్లు, గోనెసంచులు, కిటికీ ఊచలు, చివరికి నా స్కూటీ కూడా కడిగింది. పాపకు రోజుకు రెండుసార్లు తలస్నానం. జేజి చంపేస్తాందని అది ఏడ్చేది. నాన్నమ్మను మా పాప జేజి అంటుంది. నేను పొద్దున బాక్సు కట్టుకుని నిశ్చింతగా ల్యాబుకు పోయేదాన్ని. పదేళ్ల తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పక్క బెంచీలో కూర్చునేవాళ్లు నాకన్నా పన్నెండేళ్లు చిన్నవాళ్లు. నన్ను ఆంటీ అనాలో మేడమ్ అనాలో తెలియక అసలు పిలవడమే మానేశారు. అయినా సంతోషంగానే ఉండింది.

రెండో వారానికి కడగడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు అత్త గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. మా ఎడమ పక్క ఉద్యోగాల పరీక్షలకు చదివే మగపిల్లల హాస్టలు. వాళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకుని తల దించుకుని పోతారు. కుడి పక్క మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలు, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు. ఎదురింటికి పెద్ద గేటు, గేటు మీద కెమెరా. మనుషులు లోపల ఉన్నారో లేదో తెలియదు. ఒకనాటి సాయంత్రం కుడి పక్కింటామె కారు దిగుతుంటే మా అత్త పోయి, "ఏం కూర చేసినావమ్మా?" అని అడిగింది. ఆమె బెదిరిపోయి, "ఆర్డర్ పెట్టినామండీ, ఏమన్నా కావాలా?" అంది. ఏమీ వద్దని చెప్పి అత్త వెనక్కి వచ్చేసింది. "కూర అడిగితే నేను కూర అడుక్కుండే దానిననుకుండాది" అని ఆ సాయంత్రమంతా గొణుక్కుంది.

పాప బడి నుంచి మూడున్నరకు వస్తుంది. వచ్చి ఇద్దరూ ఆ గచ్చు మీద ఎదురెదురుగా కూర్చుంటారు. నేను ఆరింటికి పోయేసరికి ఎట్లా కూర్చున్నారో అట్లాగే ఉండేవారు. అత్త అన్నం తగ్గించింది. మాటలు తగ్గించింది. రోజూ నా మీద అరిచే మనిషి అరవడం కూడా మానేసేసరికి నాకు భయమేసింది.

మూడో వారంలో ఒకరోజు నేను చెప్పులు విప్పుతుండగానే చెప్పింది.

"అమావాస్య పోయినాక నేను ఊరికి పోతా మే."

"ఎందుకు పోతావు?" అన్నాను.

"పోతా. అంతే."

"నీళ్లుండాయి కదా. నువ్వడిగింది నీళ్లే కదా. నాలుగు గిన్నెలు పెట్టి, వెతికి వెతికి తీసుకుంటిమి. ఇంకేం గావల్ల?"

"నీళ్లుండాయి. నీళ్లతో మాట్లాడల్లనా నేను?"

నా కోపం సంగతి ముందే చెప్పాను. ఆ రోజు నోటికి ఎంతొస్తే అంత అన్నాను. నేను చదువుకోవడం నీకు ఇష్టం లేదని, అందుకే వంక పెడుతున్నావని, కన్నకూతురైతే ఇట్లా చేసేదానివా అని కూడా అన్నాను. ఆమె లేచి పోయి పాపకు అన్నం కలిపింది. నాకు ఆ మాట అంటున్నప్పుడే సిగ్గేసింది, అయినా ఆపుకోలేకపోయాను.

మరునాడు మా గైడు మేడమ్‌కు సంగతి చెప్పుకున్నాను. ఆమె మంచి మనిషే. అయినా, "ఇంటి విషయం త్వరగా తేల్చుకోమ్మా. నీ తర్వాత లిస్టులో ఇంకో అమ్మాయి ఉంది. సీటు ఖాళీగా పెట్టుకోలేను" అంది. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చెప్పేదాన్ని.

అమావాస్య ఇక రెండు రోజులుందనగా ల్యాబులో కరెంటు పోయి నాలుగింటికే ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీస్తే పాప బడిసంచి లోపలే ఉంది. అత్త ఫోను కూడా బల్ల మీదే ఉంది. పాపను తీసుకుని బస్టాండుకు పోయిందేమో అనుకున్నాను. ఆమె బట్టల సంచి మంచం కింద కనబడేసరికి ఇంకా ఎక్కువ భయమేసింది. హాస్టలు పిల్లవాణ్ని అడిగితే చెవిలో వైరు తీసి, "పక్కింట్లో ఎవరుంటారో నాకు తెలీదక్కా" అన్నాడు. రోడ్డు చివర వక్కాకు అమ్మే అంగడాయన మాత్రం వెంటనే చెప్పాడు.

"పాపను ఎంటబెట్టుకొని పోయే పెద్దామె కదా? రోజూ ఈ పొద్దుకు రైలుగేటు దాటి ఆ పక్క వీధుల్లోకి పోతాదక్కా."

రోజూ అట. నాకు చెప్పకుండా, రోజూ. స్కూటీ తీసుకుని పోయాను.

గేటు దాటితే పాత వీధులు. ఇరుకు రోడ్డు, ఇటు మేకలు, అటు ఆటోలు. రెండో వీధిలోకి తిరిగానో లేదో బిందెల వరస కనబడింది. ఆ వీధిలో బోర్లన్నీ ఉప్పు నీళ్లట. మంచినీళ్ల కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. మూడు రోజులకొకసారి వీధి వీధంతా బయటికి రావలసిందే. మిగిలిన రెండు రోజులూ ఆ అలవాటుకొద్దీ అందరూ గడపల ముందు కూర్చుంటారని తర్వాత తెలిసింది. ఆ వరస మొదట్లో, ఎవరిదో ఇంటి మెట్టు మీద, మా అత్త కూర్చుని ఉంది. ఒళ్లో ఎవరిదో పసిబిడ్డ. ఎవరిదో తగువు తీరుస్తోంది.

"ఆ నీలం బిందె ఎవరిదప్పా? ఇందాక నేను సూసినప్పుడు లేదు. ఎనక్కి పెట్టు. ఈయమ్మ రెండింటి నుంచి నిలబడుకోని ఉండాది."

నీలం బిందె వెనక్కి పోయింది. ఆ వరసలో మా అత్తకు ఒక్క బిందె కూడా లేదు. నా కూతురు జడ ఊడిపోయి, మోకాళ్లకు దుమ్ముతో, నలుగురు పిల్లల వెనక పరిగెడుతోంది. ఇన్ని రోజులూ అది నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంతకుముందు ఏ సంగతీ గంటసేపు దాచుకోలేని పిల్ల.

నేను అరవడానికే పోయాను. పక్కనున్న ఒకామె నన్ను చూసి, "నువ్వు పెద్దమ్మ కోడలివా? డాక్టరు చదువుతాండావంట కదా" అంది.

"డాక్టరు కాదక్కా, చెట్ల మీద" అన్నాను.

"ఏదో ఒకటి. పెద్దమ్మ రోజూ చెప్తాది. ఇంట్లో పెళ్లాలు సదువుకుంటామంటే మా మగోళ్లకు నిన్నే చూపిస్తాండాది."

అరవడానికి పోయినదాన్ని మెట్టు మీద అత్త పక్కన కూర్చున్నాను. ఆమె నా మొహం చూడకుండా బిడ్డను ఆ ఒళ్లో నుంచి ఈ ఒళ్లోకి మార్చుకుంది. "అమావాస్య దాకా పొద్దు పోవల్ల కదా" అంది, నేనేమీ అడగకముందే.

ఆ వీధి చివర ఒక ఇల్లు ఖాళీగా ఉందని ఆ ఆడవాళ్లే చెప్పారు. రెండు గదులు, స్నానాలగది బయట, పైన రేకు. మా ఆయనకు ఫోను చేస్తే గట్టిగా వద్దన్నాడు. "ఆ పక్క నీళ్లు మోటార్లనే తినేస్తాయి. పైపులు కోసి సూసినా నేను, లోపలంతా తెల్లగా గడ్డ కట్టింటాది" అన్నాడు. నాకూ మనసొప్పలేదు. ఏ పప్పు ఉడకదు, తల కడిగితే జుట్టు అట్టకడుతుంది, గోలలో ఒక పేజీ చదవలేను. అవన్నీ అత్తకు చెప్పుకుంటూ పోతుంటే, మధ్యలో నాకే ఒక సంగతి తట్టింది. ఇన్ని ఇళ్లు తిరిగాం. పాపకు బడి దగ్గరా అని చూశాం, నాకు యూనివర్సిటీ దగ్గరా అని చూశాం. నీళ్లు చూడమని అత్తకు అప్పజెప్పాం. ఉండమన్నాం తప్ప, ఎక్కడుంటావని ఆమెను అడగలేదు.

"నీకు యాడుండల్లని ఉండాది?" అని అడిగాను.

"నాకా?" అంది.

"నీకే."

ఆమె పదహారేళ్లకు పెళ్లయి మామగారింటికి వచ్చింది. ఆ తర్వాత కొడుకు కట్టిన మిద్దెలోకి వచ్చింది. ఇప్పుడు కోడలు తీసుకున్న ఇంట్లో ఉంది. "అట్ల ఎవురూ అడగరు కదా మే" అంది. కోపం లేకుండా, ఉన్న మాట చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చింది. మొన్న నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. క్షమించమని అడిగాను. "పోనీలే, పొద్దుపోతాంది" అని లేచింది.

నేరుగా ఆ ఖాళీ ఇంటి యజమాని దగ్గరికి పోయింది. ఆయన రిటైరైన పెద్దమనిషి. వీధిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మా ఇద్దరిలో నన్నే చూసి మొదలుపెట్టాడు.

"మీ ఆయన యాడ పనిచేస్తాడమ్మా?"

"బెళుగుప్పలో."

"అంటే ఈడుండడా? మగోళ్లు లేకుంటే ఎట్లమ్మా? ఇల్లు ఎవరి పేరు మీద రాసుకోవల్ల నేను?"

అన్ని గేట్ల దగ్గరా విన్న మాటే. నాకు ఒళ్లు మండి, నోరు తెరవబోయాను. అత్త నా మోచెయ్యి పట్టి పక్కకు జరిపి, తాను ముందుకొచ్చింది.

"నా పేరు మీద రాసుకో అన్నా. ఇల్లు నాకు. ఈయమ్మ నా కోడలు. యూనివర్సిటీలో సదువుకుంటాంది. నా దగ్గరుంటాది."

ఆయన ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. రోజూ కొళాయి దగ్గర కనబడే మనిషే అని గుర్తుపట్టినట్టున్నాడు. ఇంక నన్నేమీ అడగలేదు. బాడుగ ఎంతో, కరెంటు మీటరు సంగతేమిటో, కొళాయి ఏ రోజు వస్తుందో అన్నీ ఆమెకే చెప్పాడు. ఆమె ఒక్కో మాటకూ తల ఊపి, బాడుగలో కొంత తగ్గించమని అడిగి, తగ్గించుకుంది కూడా. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

తాళం తుప్పు పట్టి ఉంది. రెండుసార్లు తిప్పితే గాని రాలేదు. తలుపు తోసుకుని అత్త లోపలికి పోయింది, వెనకాలే పాప పరిగెత్తింది. నేను గడప బయటే నిలబడిపోయాను.

"ఏం మే, ఆడే నిలబడినావు?" లోపలి గదిలోంచి పిలిచింది అత్త. "రా, లోపలికి రా. నీ పుస్తకాలు యాడ పెట్టుకుంటావో సూసుకో."